చికాగోను ఎత్తిన కోరంగి పోలయ్య

చికాగో
1980 జనవరి 13

జయంతికి,

నీ వదిన వంటింట్లో స్టవ్ పక్కన కుర్చీ వేసుకుని, రెండు స్వెట్టర్లు తొడుక్కుని రాస్తున్న ఉత్తరం ఇది. మీ అన్నయ్య కిందికి వెళ్ళి కారు మీద మంచు గీకుతున్నారు. పోయినేడు ఇదే నెలలో వీధుల్లో మంచు సరిగ్గా ఎత్తించలేదని ఈ ఊరివాళ్ళు కోపం పట్టి, ఎన్నికల్లో మేయర్నే ఇంటికి పంపించేశారు. ఇంత పగ పట్టే ఊరు నాకు నచ్చకుండా ఎలా ఉంటుంది చెప్పు?

మీవారు, అదే మా జగదీష్ అన్నయ్యగారు, పోయిన వారం ఫోన్ చేశారు. సెయింట్ లూయీ తెలుగు సంఘానికి ఈ ఏడు అధ్యక్షుణ్ణి నేనే, ఉగాది సావనీరుకు ఏదైనా రాసిపెట్టండి చెల్లెమ్మా అన్నారు. ఈ దేశం వచ్చి ఆరేళ్ళయింది జయంతీ. కాకినాడ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినదాన్ని, ఇక్కడ లైబ్రరీలో పుస్తకాల బండి తోసుకుంటూ అల్మారాలు సర్దుతున్నాను. నువ్వేం చదివావు, నీకేం తెలుసు అని ఇన్నాళ్ళకు అడిగినవారు ఆయన ఒక్కరే. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇరవై రెండు పేజీలు రాశాను. పేరు 'ఉల్లిపాయల ఊరు'. చికాగో అంటే ఇక్కడి ఆదివాసుల భాషలో ఘాటు వాసన వేసే అడవి ఉల్లి అట. మనవాళ్ళకు చికాగో అనగానే వివేకానందుడు తప్ప ఇంకేమీ గుర్తురాదు. ఆయన రాకముందు ఇదంతా బురద. ఇళ్ళూ హోటళ్ళూ కూరుకుపోతుంటే కింద వేల జాకీలు పెట్టి, లోపల జనం భోంచేస్తూండగానే భవనాలకు భవనాలు పైకెత్తారు. తర్వాత 1871లో ఊరు తగలబడింది. ఓలియరీ అనే పాలమ్ముకునే ఆవిడ ఆవు లాంతరు తన్నడం వల్ల నిప్పంటుకుందని ఓ పేపరువాడు కల్పించి రాశాడు. అది కల్పనేనని ఇరవై ఏళ్ళ తర్వాత ఒప్పుకున్నాడట, అయినా ఆ మాట ఆవిణ్ణి వదల్లేదు. ఆ ముక్క రాస్తూ వాణ్ణి నోరారా తిట్టుకున్నాను.

మీ ఊరి సంగతి కూడా ఉంది. మా మురుగు మా సరస్సులో కలిసి మంచినీళ్ళు పాడవుతుంటే, 1900లో మావాళ్ళు నదిని వెనక్కి తిప్పి ఆ మురుగంతా మీవైపు పంపించారు. మీ రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. ఆడపడుచు ఇంటికి వదిన పంపిన సారె అనుకో.

తెలుగు అచ్చు మనకు ఇక్కడెక్కడా దొరకదు కాబట్టి సావనీరు మొత్తం నువ్వే చేత్తో రాస్తావనీ, ఆ పేజీలనే ప్రింటరు ఫోటో తీసి వేస్తాడనీ అన్నయ్యగారు చెప్పారు. నీ అక్షరాల్లో నా వ్యాసం చూసుకోవాలని తొందరగా ఉంది. రేణుకు ముద్దులు.

మా మురుగు తాగి చల్లగా ఉండండి.

వదిన వసుమతి


సెయింట్ లూయీ
1980 మార్చి 30

వదినకూ అన్నయ్యకూ నమస్కారాలు. రేణు 'హాయ్ అత్తా' అంటోంది, అంతకు మించి తెలుగు ఈవేళ రాదట.

మన ఉగాది బ్రహ్మాండంగా జరిగింది. హైస్కూల్ కెఫెటీరియా అద్దెకు తీసుకున్నాం. రెండు వందల మంది వచ్చారు. పులిహోర నేనే కలిపాను. వేపపువ్వు దొరక్క పచ్చడిలో కాకరకాయ వేశాం, ఎవరూ కనిపెట్టలేదు. సావనీరు అరవై నాలుగు పేజీలూ రాసేసరికి నా మణికట్టు వాచిపోయింది. ఆయన ఐస్ ప్యాక్ పెట్టి, "నీ చెయ్యి లేకపోతే మన సంఘం లేదే" అన్నారు.

నీ వ్యాసంలోంచి మూడు పేజీలు ఆయనే స్టేజి మీద చదివారు. జాకీలతో హోటల్ ఎత్తిన దగ్గర ఒకటే చప్పట్లు. "మత్తుమందు ఇచ్చే డాక్టర్‌గారు మమ్మల్ని ఇలా మేలుకొలుపుతారనుకోలేదండీ" అని అందరూ అన్నారు. వారం రోజులుగా ఇంటికి ఫోన్లే ఫోన్లు. నీ మంచితనం వల్ల ఆయన పరువు పదింతలయింది వదినా. ఈ సాయం మర్చిపోను. కాపీ వేరే కవర్లో పోస్టు చేశాను, చూసి ఎలా ఉందో రాయి.

చెయ్యి నొప్పి వల్ల ఇంతటితో ముగిస్తున్న

జయంతి


చికాగో
1980 ఏప్రిల్ 9

శ్రీమతి జయంతి గారికి,

సావనీరు అందింది. పదమూడో పేజీలో 'ఉల్లిపాయల ఊరు', దాని కింద 'రచన: డాక్టర్ జగదీష్' అని ఉంది. చేతిరాత చాలా అందంగా ఉంది. ఎవరిదో గుర్తుపట్టడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

మీరు కాపీ చేసిన పేజీల్లోనే ఒక కథ ఉంది, చేతికి పని చెప్పి మనసును పక్కన పెట్టారేమో, మళ్ళీ గుర్తుచేస్తాను. ఈ ఊళ్ళో బయటినుంచి వచ్చి మొట్టమొదట ఇల్లు కట్టుకున్నవాడు డుసాబుల్ అనే నల్లజాతి మనిషి. ఆయన అమ్మి వెళ్ళిపోయాక కొన్నాళ్ళకు ఆ ఇల్లు కింజీ అనే తెల్లాయన చేతికొచ్చింది. ఆ తర్వాత వందేళ్ళు దాటినా ఊరికి మొదటివాడు కింజీయే అని పుస్తకాలు రాస్తూ పోయాయి. డుసాబుల్ కనీసం ఇల్లు అమ్ముకున్నాడు. నేను నా వ్యాసం ఎవరికీ అమ్మలేదు.

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మీ ఇంట్లో చెల్లెమ్మ సొమ్ముతో అన్నయ్యగారు సన్మానమే చేయించుకున్నారు. మీరు పక్కన నిలబడి పులిహోర వడ్డించారు. నేను ఏడ్చానని మీ అన్నయ్య మీకు ఫోన్‌లో చెప్తే నమ్మకండి. నేను ఏడవలేదు, నాకు కడుపు మండింది.

ఇట్లు
వసుమతి


సెయింట్ లూయీ
1980 ఏప్రిల్ 18

వదినా,

నన్ను మీరు, గారు అని రాశావు. ఆ రెండు మాటలకే నాకు అన్నం సయించలేదు.

ఆయన్ని అడిగాను. జనవరిలో ఫోన్ చేసినప్పుడు, "పేరు ఎలా వెయ్యమంటారు చెల్లెమ్మా?" అని అడిగారట. నువ్వు, "అయ్యో, నా పేరెందుకు లెండి అన్నయ్యగారూ" అన్నావట. "మరి నా పేరు వేసేదా?" అని నవ్వితే, "మీ ఇష్టం, మీదైతేనేం నాదైతేనేం" అన్నావట. నాతో మాత్రం "మీ వదినకు పేరు అక్కర్లేదుట, నా పేరే వేసుకోమంది" అన్నారు. నేను నమ్మి రాశాను. నువ్వు అలా అన్నావా లేదా? అనలేదంటే చెప్పు, ఇప్పుడే వెళ్ళి ఆయన్ని నిలదీస్తాను.

నీ జయంతి


చికాగో
1980 మే 2

జయంతీ,

అన్నాను.

మన ఇళ్ళల్లో మొదటిసారి అడిగితే ఎవరైనా సరేనంటారా? విస్తట్లో ఇంకొంచెం వడ్డించనా అంటే "చాలు చాలు" అని చెయ్యి అడ్డం పెడతాం. అప్పుడు నువ్వు గరిటె వెనక్కి తీసుకుని వెళ్ళి, ఆ అన్నం నువ్వే కూర్చుని తింటావా? నా పేరెందుకు అంటే, "అదేం మాట, మీ పేరు కాక ఎవరి పేరు వేస్తాం" అని ఇంకోసారి అంటారని. తాళ్ళరేవులో పుట్టి పెరిగిన మీవారికి ఈ మాత్రం మర్యాద తెలీదా? తెలుసు. తెలిసే నా మొహమాటాన్ని సంతకం కింద వాడుకున్నారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెతలో ఉంది, అది ఉత్తరంలో రాసేది కాదు.

ఆయన్ని నిలదీస్తానన్నావు. నిలదీసి ఏం చేస్తావు? నాలుగొందల కాపీలు ఊరూరా వెళ్ళాయి. నిన్న డెవాన్ అవెన్యూలో కూరగాయల కొట్టు దగ్గర ఒకావిడ నన్ను ఆపి, "మీ బంధువు డాక్టర్‌గారు చికాగో గురించి ఎంత బాగా రాశారండీ, మీరు ఇక్కడే ఉంటారు కదా, చదివారా?" అంది. చదివానన్నాను.

కొంతకాలం నాకు ఉత్తరాలు రాయకు.

వసుమతి


సెయింట్ లూయీ
1980 సెప్టెంబరు 21

వదినా,

రాయవద్దన్నావు కాబట్టి నాలుగు నెలలు రాయలేదు. ఇప్పుడు తప్పక రాస్తున్నాను.

సావనీరులో చివర ఆయన 'రెండో భాగం వచ్చే ఉగాదికి' అని వేసేశారు. అందరూ అడుగుతున్నారు. పైగా ఈసారి ముఖ్య అతిథిగా ఇక్కడి యూనివర్సిటీ నుంచి ఒక అమెరికన్ ప్రొఫెసర్‌ని పిలుస్తున్నారు. ఆయన చికాగో చరిత్ర మీద పుస్తకాలు రాసినాయనట. వ్యాసం సారాంశం ఇంగ్లీషులో టైపు చేయించి ఆయనకు ముందే ఇస్తారట. నువ్వు రాయకపోతే ఈయన ఏం చేస్తారో నాకు తెలీదు. నువ్వే రాయాలి వదినా. పేరు సంగతి నాకు వదిలెయ్యి, ఇప్పుడేమీ అడగకు.

రేణు స్కూల్ నుంచి ఏడుస్తూ వస్తోంది. టీవీలో ఇరాన్ బందీల గొడవ మొదలైనప్పటినుంచి క్లాసులో పిల్లలు దీన్ని ఇరానియన్ అని ఏడిపిస్తున్నారు. "వై ఆర్ వీ ఫ్రమ్ నోవేర్, అమ్మా?" అని అడిగింది. మనం ఎక్కడివాళ్ళమో దానికి చెప్పడం నాకు చేతకావడం లేదు.

అన్నయ్యను అడిగానని చెప్పు.

జయంతి


చికాగో
1980 అక్టోబరు 5

జయంతీ,

తప్పకుండా రాస్తాను. జరిగిందేదో జరిగిపోయింది, రక్తసంబంధాల్లో ఇవన్నీ పట్టించుకుంటామా? మనసులో ఏమీ లేదు. ప్రొఫెసర్‌గారు వస్తున్నారంటే మరీ సంతోషం.

ఈసారి జగదీష్ అన్నయ్యగారికి బాగా నచ్చే సంగతి ఒకటి దొరికింది. పేరు ఆయనదే వెయ్యి. నా పేరెందుకు?

రేణుకు నా ముద్దులు. క్లాసులో వాళ్ళ మాట పట్టించుకోవద్దని చెప్పు.

ప్రేమతో
వదిన


చికాగో
1980 నవంబరు 30
(పోస్టు చేయలేదు)

జయంతీ,

ఈ ఉత్తరం నీకు పంపను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నవ్వు ఆగేలా లేదు, మీ అన్నయ్యకు చెప్తే చింపేస్తారు.

వ్యాసం పూర్తయింది. 'చికాగోను ఎత్తిన కోరంగి పోలయ్య'. మీవారి తాళ్ళరేవు పక్కనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 తుఫానులో దెబ్బతిని పోయింది. అంతవరకు నిజం. ఆ తుఫానులో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పోలయ్య అనే ఓడ వడ్రంగి తెల్లవాళ్ళ ఓడెక్కి, దేశాలు పట్టి తిరిగి చికాగో చేరి, 1861లో ట్రెమాంట్ హోటల్ని జాకీల మీద ఎత్తినప్పుడు అయిదు వందల మంది కూలీలకు మేస్త్రీ అయ్యాడన్నది నేను పుట్టించాను. ఓడను ఒడ్డుకు లాగేటప్పుడు కోరంగిలో పాడే పాటకు అందరూ ఒక్కసారే జాకీ తిప్పారని రాశాను. పోలయ్యకు ఎడమచేతికి నాలుగు వేళ్ళే పెట్టాను. వాళ్ళమ్మకు కూడా ఒక పేరిచ్చాను. ఫలానా పత్రిక, ఫలానా తేదీ అని కింద ఆధారాలు వేశాను. ఆ తేదీన ఆ పత్రికలో పందుల ధరలు తప్ప ఏమీ లేవు, నేను చూశాను.

మీవారు దీన్ని వదలరు. తన ఊరివాడు చికాగోను ఎత్తాడంటే ఏ తెలుగువాడు వదుల్తాడు? స్టేజి ఎక్కి గొంతు పెంచి చదువుతారు. ప్రొఫెసర్ ఇంగ్లీషు సారాంశం ముందే చదువుకుని వస్తాడు. లేచి, రెండు వందల మంది ముందు, "డాక్టర్, ఇది మీకెక్కడ దొరికింది?" అని అడుగుతాడు. అప్పుడు డాక్టర్‌గారికి మత్తుమందు ఎవరిస్తారో చూడాలి. "రాసింది నేను కాదు, మా చెల్లెమ్మ" అని ఆ నోటితోనే అందరిముందు అనాలి. అది వింటే చాలు, నా ఇరవై రెండు పేజీలు నాకు తిరిగొచ్చినట్టే.

నువ్వు ఆ పక్కనే ఉంటావు. ఉండు. 'రచన' అని రాసిన చెయ్యి నీదే కదా.

వసుమతి


సెయింట్ లూయీ
1981 ఫిబ్రవరి 22

మా వదినకు నూరు దండాలు,

పోలయ్య! ఇంతకాలం ఈయన్ని ఎక్కడ దాచావు వదినా? కాపీ చేస్తూ చేస్తూ రెండుచోట్ల ఏడ్చాను. వాళ్ళమ్మ రేవులో నిలబడి ఓడ కనిపించినంతసేపూ చెయ్యి ఊపిన దగ్గర సిరా తడిసి ఆ పేజీ మళ్ళీ రాయాల్సొచ్చింది.

రేణుకు ఇంగ్లీషులో చెప్పాను. మర్నాడే సోషల్ స్టడీస్‌లో రిపోర్ట్ ఇచ్చింది. నాలుగు వేళ్ళ చేత్తో పోలయ్య హోటల్ని పట్టుకున్నట్టు బొమ్మ వేస్తే టీచరు గోడకు అంటించింది. "మై డాడ్స్ పీపుల్ లిఫ్టెడ్ చికాగో" అని కింద రాసింది. ఇప్పుడు దాన్ని ఎవరూ ఇరానియన్ అనడం లేదు. నువ్వు దానికి ఏం ఇచ్చావో నీకు తెలీదు.

ఇక అసలు సంగతి. పేరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టేశాను. "వదిన పేరు వేస్తేనే రాస్తాను, పోయినసారిది కూడా ఆవిడదేనని అచ్చులో వెయ్యాలి" అన్నాను. ఆయన అరిచారు. "సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. పదకొండు రోజులు ఒక్క అక్షరం రాయలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకెవరి చేతిరాతా చదివేలా లేదు, ఈయనది సరేసరి, ప్రిస్క్రిప్షన్ రాత. పన్నెండో రోజు కార్లో కూర్చోబెట్టి సెయింట్ చార్లెస్ తీసుకెళ్ళాను. డుసాబుల్ చివరికి మా పక్క ఊళ్ళోనే పోయాడని నువ్వే రాశావు కదా. శ్మశానంలో ఆ రాయి ముందు నిలబెట్టి, "ఈయన పేరు ఎలా పోయిందో స్టేజి మీద చదివింది మీరే. మీరు డుసాబులా, కింజీనా?" అని అడిగాను. చలికి ఆయన ముక్కు ఎర్రబడింది. తర్వాత "తప్పు నాదేనే. రాయి, ఆవిడ పేరే రాయి. నేనే స్టేజి మీద చెప్తాను" అన్నారు.

పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆయన మాటకు ఎదురు నిలబడటం ఇదే మొదటిసారి. నీకోసం వదినా. 'రచన: శ్రీమతి వసుమతి' అని వేలెడంత అక్షరాలతో రాస్తాను, చూసుకో.

గెలిచిన నీ ఆడపడుచు
జయంతి


చికాగో
1981 ఫిబ్రవరి 27

జయంతీ,

నా పేరు వద్దు. వెయ్యకు. మర్యాదకు అనడం లేదు, ఒట్టేసి చెప్తున్నాను. అన్నయ్యగారి పేరే ఉండనీ. ఆయన పేరు వెయ్యడం ఇష్టం లేకపోతే వ్యాసమే తీసెయ్యి, ఆ పేజీల్లో వంటల గురించి ఏదైనా వేసుకో. కారణం అడగకు. ఈ ఒక్కసారి నా మాట విను.

నువ్వు నాకోసం అంత పోట్లాడావని తెలిసి ఎలా ఉందో రాయలేను.

వసుమతి


సెయింట్ లూయీ
1981 ఏప్రిల్ 13

వదినా,

మూడుసార్లు ఫోన్ చేశావు, మూడుసార్లూ "నా పేరు వద్దు జయంతీ" అన్నావు. నాకు నవ్వాగలేదు. పోయినేడు ఒకసారి "నా పేరెందుకు" అంటే నిజమని నమ్మి చెంపదెబ్బ తిన్నాను. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే గరిటె వెనక్కి తియ్యకూడదని నువ్వే నేర్పావు. అందుకే ఈసారి కొసరి కొసరి వడ్డించాను. ఆరు వందల కాపీలు.

నువ్వు రాకపోవడం ఒక్కటే లోటు. శనివారం హాలు నిండిపోయింది. ఆయన లేచి, "పోయినేడు నా పేరుతో వచ్చింది మా చెల్లెమ్మ వసుమతిగారు రాసినది. ఆవిడ మంచితనాన్ని నేను అలుసుగా తీసుకున్నాను, క్షమించమని అడుగుతున్నాను" అన్నారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన చేత ఆ మాట అనిపించాలని నాకు ఎంత కసిగా ఉండేదో ఇప్పుడు చెప్తున్నాను.

ప్రొఫెసర్‌గారు పోలయ్య గురించే మాట్లాడారు. ముప్పై ఏళ్ళుగా చికాగో మీద పనిచేస్తున్నాను, ఈ పేరు ఎక్కడా వినలేదు, ఇలాంటిది ఒక లైబ్రరీలో పనిచేసే ఇండియన్ స్త్రీ బయటపెట్టడం చాలా గొప్ప విషయం అన్నారు. నువ్వు చెప్పిన పత్రికలు తనే స్వయంగా చూస్తారట, నీ గురించి మీ లైబ్రరీ పెద్దలకు కూడా రాస్తారట. అడ్రసు ఇచ్చాను. ఇక నువ్వు బండి తోయాల్సిన పని ఉండదేమో!

సావనీరు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నీ పేరు ఒకసారి వేలితో తడిమి చూసుకో.

జయంతి


చికాగో
1981 ఏప్రిల్ 17

జయంతీ,

పోలయ్య లేడు.

కోరంగిలో పుట్టలేదు, ఓడెక్కలేదు, చికాగో రాలేదు. వాళ్ళమ్మ లేదు. నేనే రాశాను, అన్నయ్యగారు ప్రొఫెసర్ ముందు నోరు తెరుచుకుని నిలబడాలని. సెప్టెంబరులో 'పేరు సంగతి అడగకు' అని నువ్వు రాసినప్పుడు, మళ్ళీ ఆయన పేరే వేస్తావనుకున్నాను. ఎనిమిది వారాలు కూర్చుని కక్షతో రాశాను, జీవితంలో దేనికీ అంత శ్రద్ధ పెట్టలేదు. నువ్వు ఆయనతో పోట్లాడుతున్నావని తెలిసిన రోజే చెప్పాల్సింది. ఫోన్ చేసిన ప్రతిసారీ చెప్దామనే చేశాను. వెనకాల అన్నయ్యగారి నవ్వు వినిపించేది, మళ్ళీ 'నా పేరు వద్దు' అనే పెట్టేసేదాన్ని. ఆయన ముందు తల దించడం కంటే ఏదైనా మేలనిపించేది.

ఆయన నా మాట వాడుకోవడం తప్పు. అది ఇప్పటికీ తప్పే, స్టేజి మీద క్షమాపణ అడిగినా నాలో మంట చల్లారలేదు. కానీ నా పేరు, నాకు కావాల్సిందల్లా ఆ పేరే, మొదటిసారి అచ్చులో వచ్చింది ఒక అబద్ధం కింద. ఎవరికీ తెలియని అబద్ధం కూడా కాదు, ఆ ప్రొఫెసర్ ఒక్క మధ్యాహ్నం పత్రికలు తిరగేస్తే తెలిసిపోయేది. మా లైబ్రరీకి రాశాడంటే ఆ బండి కూడా నాకు మిగలదు.

ఒక్క ఉపకారం చెయ్యి. కాపీ చేయడంలో పొరపాటు జరిగింది, వ్యాసం వసుమతిది కాదు, ఎవరో పంపినది అని సంఘం తరఫున ఒక కాగితం వేయించు. నా పేరు తీసేయించు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వసుమతి


సెయింట్ లూయీ
1981 మే 3

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవను.

ఆయనకు చూపించలేదు. నీ మీద జాలితో కాదు. చూపిస్తే, "చూశావా, ఆ పేరు వెయ్యొద్దని నేను ఊరికే అన్నానా" అంటారు. ఆ మాట ఈ ఇంట్లో వినలేను. పదకొండు రోజులు మూతి బిగించుకుని కూర్చున్నది ఇందుకా అని నన్ను నేనే అడగలేకపోతున్నాను.

నలుగురిలో ఆయన్ని నవ్వులపాలు చేద్దామనుకున్నావు. ఆ నలుగురిలో ఆయన పక్క కుర్చీలో ఎవరుంటారో నీకు తట్టలేదనకు. చరిత్ర చదివినదానివి, అన్నీ తడతాయి. నేను పేరు రాసిన పాపానికి నాకూ వడ్డించాలనుకున్నావు. వడ్డించావు, తిన్నాను.

కాగితం వేయించను. కాపీలో పొరపాటు జరిగిందని నేను రాయను, నా కాపీలో పొరపాటు లేదు. నువ్వు రాసింది రాసినట్టే దించాను, రాసినదాని పేరు కింద వేశాను. ప్రొఫెసర్‌గారు మొన్న ఫోన్ చేశారు. పత్రికలో ఆ తేదీ దొరకలేదట, తప్పు తేదీ అయ్యుంటుంది, వసుమతిగారినే అడుగుతాను అన్నారు. అడగమన్నాను. పోలయ్య లేడని రాస్తావో, ఇంకో తేదీ పుట్టిస్తావో నీ ఇష్టం. కింద సంతకం నీదే ఉంటుంది.

రేణుకు ఏమీ చెప్పలేదు. చెప్పను. ఆ బొమ్మ స్కూల్ వాళ్ళు జిల్లా ప్రదర్శనకు పంపారు. రోజూ పడుకునేముందు నాలుగు వేళ్ళు ఎందుకు, అయిదోది ఏమైంది అని అడుగుతోంది. వసుమతి అత్తకు తెలుసు అంటున్నాను.

జూన్ ఆరో తారీకు, శనివారం, దాన్ని చికాగో తీసుకొస్తున్నాను. హోటల్ ఎప్పుడో కాలిపోయిందని చెప్పినా వినడం లేదు, ఆ మూలైనా చూడాలంటోంది. పోలయ్య ఎక్కడ నిలబడి జాకీ తిప్పాడో అత్త చూపిస్తుందట.

నేను కారు దిగను. అది దిగి వచ్చి నీ చెయ్యి పట్టుకుంటుంది. చూపించు.

జయంతి